కొమ్ములు లేని కొమ్ముకప్ప

పెంపుడు జంతువు అనగానే మన మనసులో కొన్ని చిత్రాలు సిద్ధంగా ఉంటాయి. వాకిట్లో కాపలా కాసే కుక్క, పొయ్యిగడ్డ మీద వెచ్చగా ముడుచుకుని పడుకున్న పిల్లి, చూరుకు వ్రేలాడే పంజరంలో చిలుక. వీటన్నిటికీ సమానమైన గుణం ఒకటున్నది. మనం చేసినదానికి అవి ఏదో ఒక రూపంలో బదులు చెబుతాయి. కుక్క తోక ఊపుతుంది. పిల్లి కాళ్ళకు చుట్టుకుంటుంది. చిలుక మన మాటను మనకే అప్పజెబుతుంది. ఆ బదులు కోసమే మనం వాటిని పెంచుతామని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

ఈ నెల ప్రస్తావించబోయే ప్రాణి ఆ బదులు చెప్పదు. గాజుతొట్టిలో, తడిమట్టిలో నడుముదాకా కూరుకుని, రోజుల తరబడి కదలక మెదలక కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. నిమిరితే సంతోషించదు. వేలు చూపితే కరుస్తుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ కప్పను ఇంగ్లీషువారు 'హార్న్‌డ్ ఫ్రాగ్' అంటారు. మనం కొమ్ముకప్ప అనుకుందాం. ప్రపంచంలోని అనేక నగరాలలో, మన దేశపు పెద్ద నగరాలలో కూడా, దీనిని ముచ్చటపడి కొనుక్కునేవారు ఉన్నారు. కొనడం ఒక పూట పని. పెంచడం పది పదిహేనేళ్ళ పని. ఈ రెంటి మధ్య ఉన్న తేడా తెలియకపోవడం వల్ల కప్పలు పడుతున్న అవస్థ చిన్నది కాదు. అందుకే దాని ఇల్లు, తిండి ఎట్లా ఉండాలో కొంచెం వివరంగా చెప్పుకోవడం అవసరం.

ముందు పేరు సంగతి. దీనికి నిజంగా కొమ్ములు లేవు. రెండు కళ్ళ పైన రెప్పల చర్మం మొనదేలి పైకి నిలిచి ఉంటుంది, అంతే. రాలిన ఆకుల మధ్య కూర్చున్నప్పుడు ఆ మొనలు కూడా ఎండుటాకు అంచుల్లా కనిపించి కప్ప ఆకారాన్ని మరుగు చేస్తాయి. ఇంకో పేరు 'పాక్‌మాన్ కప్ప'. 1980లో జపానులో పుట్టిన ఒక వీడియో ఆటలో గుండ్రని పసుపుపచ్చ బొమ్మ నోరు తెరచి కనబడినదల్లా మింగుతూ పోతుంది. శరీరంలో సగం నోరే అయిన ఈ కప్పకు ఆ బొమ్మ పేరు అతికినట్లు సరిపోయింది. కాళ్ళు పొట్టివి. ఒళ్ళు గుండ్రనిది. ఎదిగిన ఆడకప్ప పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల వరకూ ఉండి అరచేయి నిండుతుంది. మగది అంతకన్నా చిన్నది.

శాస్త్రజ్ఞులు సెరటోఫ్రిస్ అని పిలిచే ఈ ప్రజాతిలో ఎనిమిది జాతులున్నవి. అన్నీ దక్షిణ అమెరికావే. అర్జెంటీనా, ఉరుగ్వేల పచ్చిక మైదానాలలో ఉండేది 'ఆర్నాటా', అంటే అలంకరించుకున్నది. ఆకుపచ్చ ఒంటిమీద ఎరుపు, నలుపు మచ్చలతో నిజంగానే ముస్తాబైనట్లుంటుంది. అర్జెంటీనా, బొలీవియా, పరాగ్వేలలో వ్యాపించిన చాకో అనే మెట్టప్రాంతంలో ఉండేది 'క్రాన్‌వెలీ'. అమెజాను అడవులలో ఉండే జాతికి 'కార్నూటా' అని పేరు. నేడు దుకాణాలలో దొరికేవాటిలో ఎక్కువ భాగం క్రాన్‌వెలీ జాతివి. అడవినుంచి పట్టి తెచ్చినవి కాక, మనుషుల చేతికింద తొట్లలో పుట్టి పెరిగినవి.

దీని స్వదేశంలో దీనిపట్ల ఉన్న భావం ముచ్చట కాదు, భయం. అర్జెంటీనా పల్లెలలో దీనిని 'ఎస్కుయెర్సో' అంటారు. ఇది కరిస్తే గుర్రం చచ్చిపోతుందని, దీని ఒంటినిండా విషమని అక్కడి నమ్మకం. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారికి విలియం హెన్రీ హడ్సన్ పేరు 'గ్రీన్ మాన్షన్స్' నవల వల్ల పరిచితమే. ఆయన పుట్టి పెరిగింది ఆ మైదానాలలోనే. 1892లో వెలువడిన 'ది నాచురలిస్ట్ ఇన్ లా ప్లాటా' గ్రంథంలో ఆయన ఈ కప్పను గురించి, దానికి జనం భయపడే తీరును గురించి వ్రాశారు. అర్జెంటీనా రచయిత లియోపోల్డో లుగోనెస్ 1906లో ప్రచురించిన కథాసంపుటిలో 'ఎస్కుయెర్సో' పేరుతోనే ఒక కథ ఉన్నది. ఒక కుర్రవాడు ఈ కప్పను చంపుతాడు. చంపినదాన్ని కాల్చివేయకపోతే అది మళ్ళీ లేచి వచ్చి పగతీర్చుకుంటుందని తల్లి హెచ్చరిస్తుంది. కళేబరం మాత్రం దొరకదు. చివరకు కుర్రవాడి ప్రాణం దక్కదు. మన వైపు త్రాచుపాము పగబట్టే కథలు విన్నవారికి ఇది కొత్తగా తోచదు. పేర్లు మార్చితే మన ఊరి కథే.

నిజానికి కొమ్ముకప్ప కాటులో విషం లేదు. బలం ఉన్నది. పైదవడలో వరుసగా పళ్ళు, కింది దవడలో కోరల్లాంటి రెండు ఎముక మొనలు ఉంటాయి. కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 2017లో ఈ కాటు బలాన్ని కొలిచారు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు తల ఉన్న కప్ప సుమారు 30 న్యూటన్ల బలంతో కరిచింది. అంటే మూడు కిలోల బరువు వేలికొన మీద ఉంచినట్లు. అంతకు మూడేళ్ళ ముందు, 2014లో, జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో దీని నాలుకను పరీక్షించారు. నాలుక అంటుకున్న పట్టు, కప్ప తన శరీరం బరువుకన్నా ఎక్కువ బరువును లాగగలిగేటంత గట్టిగా ఉన్నదని తేలింది. మడగాస్కర్‌లో దొరికిన సుమారు ఏడుకోట్ల ఏళ్ళనాటి ఒక పెద్ద కప్ప శిలాజానికి 2008లో 'బెల్జిబూఫో' అని పేరు పెట్టారు. దయ్యపుకప్ప అన్నమాట. దాని ఆకారం కొమ్ముకప్పను పోలి ఉన్నది. కొమ్ముకప్ప కాటు ఆధారంగా లెక్కకట్టి, దాని కాటు 2,200 న్యూటన్ల వరకూ ఉండి ఉంటుందని ఆ 2017 పరిశోధకులే అంచనా వేశారు.

ఇంత నోరు, ఇంత బలం ఉన్న ప్రాణి వేటాడే పద్ధతి మాత్రం వెతకడం కాదు, వేచి ఉండడం. తడినేలలో వెనుకకాళ్ళతో గొయ్యి తవ్వుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి కూర్చుంటుంది. కొన్ని జాతులు వెనుకకాలి వేళ్ళను పురుగులాగా మెల్లగా కదిలించి ఎరచూపుతాయి. దగ్గరికి వచ్చినదేదైనా, నోట పట్టేదైతే, మాయమవుతుంది. ఆర్నాటా జాతి కప్పల కడుపులను పరిశీలిస్తే ఎక్కువగా దొరికినవి ఇతర కప్పలు. తరువాత చిన్న పిట్టలు, ఎలుకలు. వీటి తోకకప్పలు సైతం మాంసాహారులే. ఒకదానినొకటి తింటాయి. వాన నీటి మడుగు ఎండిపోయేలోగా పెరిగి గట్టెక్కాలి గనుక వాటికి కొన్ని వారాలే గడువు. ఆ తొందరలో చుట్టరికం చూసుకునే తీరిక ఉండదు.

చాకోలో వానలు ఆగిపోయి నేల బీటలు వారినప్పుడు ఈ కప్ప మరింత లోతుకు దిగిపోతుంది. ఒంటి చర్మం పొరలు పొరలుగా గట్టిపడి ఒక తొడుగులా ఏర్పడి, లోపలి తడిని కాపాడుతుంది. తిండి, నీరు లేకుండా నెలల తరబడి అట్లాగే ఉండి, మొదటి పెద్దవానకు లేస్తుంది. మన మెట్టచేలలో తొలకరికి లేచే కప్పల జీవితం కూడా ఇటువంటిదే. ఈ స్వభావం తెలిస్తే దాని ఇల్లు ఎట్లా ఉండాలో సగం తెలిసినట్లే. ఎగిరే ప్రాణి కాదు, తిరిగే ప్రాణి కాదు. దానికి కావలసినది విశాలం కాదు, లోతు. ఆట కాదు, మరుగు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజుతొట్టి ఒక్క కప్పకు జీవితాంతం సరిపోతుంది. పైన గాలి ఆడే మూత ఉండాలి. 'ఒక్క' అన్నమాటను పాఠకులు గట్టిగా పట్టుకోవాలి. ఒంటరిగా ఉన్నదని జాలిపడి రెండోదానిని తెచ్చి అందులో వేస్తే, కొద్దిరోజులలో ఒకటే మిగులుతుంది. అది కొంచెం లావెక్కి ఉంటుంది. ఒంటరితనం మన బాధ. దానిది కాదు.

తొట్టి అడుగున నాలుగంగుళాల మందాన తడి కొబ్బరిపీచు పొట్టు పరవాలి. నర్సరీలవారు కోకోపీట్ అనే పేరుతో ఇటుకల్లా అమ్మేది ఇదే. కప్పలు పెంచే పాశ్చాత్యుల గ్రంథాలలో దీనిని ఎంతో మెచ్చుకుంటారు. పీచు తీసిన తరువాత మన కోనసీమలో, కేరళలో కుప్పలుగా మిగిలే పొట్టు, సముద్రాలు దాటి అర్జెంటీనా కప్పకు పరుపవుతున్నదంటే లోకం ఎంత చిన్నదో తెలుస్తుంది. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. తడి అంత ఉంటే చాలు. గులకరాళ్ళు, ఇసుక వేయకూడదు. ఎర మీదికి దూకినప్పుడు కప్ప నోటినిండా నేలను కూడా పట్టుకుంటుంది. పొట్టు కొద్దిగా మింగినా సాధారణంగా బయటికి పోతుంది. రాయి పేగులో అడ్డుపడితే ప్రాణం తీస్తుంది. దాగడానికి ఒక బెరడు ముక్క, కొన్ని ఆకులు ఉంచితే దానికి ధైర్యం.

వెచ్చదనం 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చలిదేశాల గ్రంథాలన్నీ తొట్టిని వేడిచేయడం గురించి చెబుతాయి. వాటిని మనవాళ్ళు అక్షరాలా పాటిస్తే ప్రమాదం. మన వేసవిలో సమస్య తలక్రిందులవుతుంది. గది వేడి 30 డిగ్రీలు దాటి నిలిస్తే కప్ప నీరసిస్తుంది, తిండి మానేస్తుంది, చివరకు చనిపోవచ్చు. కాబట్టి తొట్టిని కిటికీ ఎండకు, మిద్దె కింది గదికి దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూలలో పెట్టాలి. చలికాలంలో వేడిపలక అవసరమైతే దానిని తొట్టి ప్రక్కన అంటించాలి, అడుగున కాదు. వేడి తగిలితే నేలలోకి దిగమని దాని స్వభావం చెబుతుంది. అడుగునే వేడి ఉంటే పాపం, తప్పించుకోవడానికి దిగినకొద్దీ కాలుతుంది. స్వభావం చెప్పిన దారి మూసి పెట్టడంకన్నా క్రూరత్వం లేదు.

నీటిది ఇంకా సున్నితమైన వ్యవహారం. కప్ప నోటితో నీరు త్రాగదు. పొట్ట కింది పలుచని చర్మంతో పీల్చుకుంటుంది. ఆ చర్మానికి మంచినీరు, చెడునీరు అన్న వివక్ష లేదు. కుళాయి నీటిలోని క్లోరిన్ దానికి హాని. అక్వేరియం దుకాణాలలో దొరికే విరుగుడు చుక్కలు వేయడం ఉత్తమం. కనీసం వెడల్పు పాత్రలో ఒక రోజు నిలవపెట్టి వాడాలి. తొట్టిలో పెట్టే నీళ్ళపళ్ళెం లోతు తక్కువగా ఉండాలి. కప్ప కూర్చుంటే నీరు దాని గడ్డం దాటకూడదు. కప్పకు ఈత రాకపోవడమేమిటని మీరు నవ్వవచ్చు. ఇది ఈతలో మహా అసమర్థురాలు. లోతునీటిలో మునిగి చనిపోగలదు.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. కప్ప మూత్రం పొట్టులోనే ఇంకుతుంది. దానిలోని అమోనియా పేరుకుంటుంది. అదే పొట్టులో కూర్చున్న కప్ప, తాను విసర్జించిన విషాన్నే చర్మంతో మళ్ళీ పీల్చుకుంటుంది. మలం కనబడినప్పుడల్లా తీసివేయాలి. నీళ్ళపళ్ళెం రోజూ కడగాలి. మూడు నాలుగు వారాలకొకసారి పొట్టు మొత్తం మార్చాలి. కడిగేటప్పుడు సబ్బు వాడకూడదు. వేడినీళ్ళు చాలు. శుభ్రంగా కనిపించడం వేరు, శుభ్రంగా ఉండడం వేరు అన్న సంగతి ఈ తొట్టి బాగా నేర్పుతుంది.

ఇక తిండి. ఈ కప్ప చరిత్రలోని విషాదమంతా ఇక్కడే ఉన్నది. ఏది చూపితే అది మింగుతుంది కనుక ఎంత పెట్టినా తింటుందని, తింటుంది కనుక ఆకలిగా ఉన్నదని మనుషులు అనుకుంటారు. అడవిలో దాని లెక్క వేరు. దొరికిన రోజు తినకపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకే 'చాలు' అనే మాట దాని శరీరానికి తెలియదు. ఆ మాట మనం చెప్పవలసిందే.

వానపాములు, కీచురాళ్ళు, పెంపకంలో పుట్టిన బొద్దింకలు, పట్టుపురుగులు దీనికి మంచి ఆహారం. ఇంట్లో, కాలువలో దొరికిన బొద్దింకలు పనికిరావు. వాటిమీద ఎవరో ఎక్కడో మందు చల్లి ఉంటారు. వానపాములు కూడా ఎరువుమందులు, పురుగుమందులు వేయని మట్టిలోవే కావాలి. చిన్న చేపను ఎప్పుడో ఒకసారి పెట్టవచ్చు. కానీ రంగుచేప వంటి కొన్ని చేపలలో థయామినేజ్ అనే పదార్థం ఉంటుంది. అవే నిత్యాహారమైతే బి1 విటమిన్ నశించి నరాల జబ్బు వస్తుంది. ఎలుకపిల్ల కొవ్వు పిండం. ఎప్పుడైనా తప్ప పనికిరాదు. ఎర ఏదైనా కప్ప నోటి వెడల్పును మించకూడదు. తనంత జంతువును మింగబోయి ఊపిరాడక చనిపోయే అమాయకత్వం దీనికి ఉన్నది.

చేతి బొటనవేలంత ఉన్న పిల్లకప్పకు రోజు విడిచి రోజు తిండి కావాలి. పెరిగినకొద్దీ వారానికి రెండుసార్లు. ఎదిగిన కప్పకు వారానికో పదిరోజులకో ఒకసారి చాలు. మేతలో కాల్షియం, డి3 విటమిన్ కలిసిన పొడిని పురుగులకు అద్ది పెట్టాలి. లేకపోతే ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుంది. అంత బలమైన దవడ తన ఎరను తాను పట్టుకోలేని స్థితికి వస్తుంది. మొద్దు మొనలున్న పొడుగు పట్టకారుతో తిండి అందించాలి. వేళ్ళతో అందించేవారికి వేలికీ వానపాముకీ తేడా తెలియదని కప్పే నేర్పుతుంది.

ఇన్ని నియమాలు చదివిన తరువాత, ఇది నిజమైన ఇంట్లో ఎట్లా నడుస్తుందని పాఠకులకు సందేహం రావచ్చు. మా వీధిలో ఒక కుటుంబం ఉన్నది. నిష్ఠగల శాకాహారులు. వారి అబ్బాయి కళాశాలలో చేరిన కొత్తలో ఒక కొమ్ముకప్పను తెచ్చుకున్నాడు. స్నేహితులు చుట్టూ చేరి, ఫోనులో చిత్రం తీస్తూ, వారానికి మూడుసార్లు ఎలుకపిల్లలను పెట్టేవారు. కప్ప లావెక్కింది. మెడ, పొట్ట, తొడ అన్న భేదం పోయి లడ్డుండలా అయింది. కంటిపాప మీద తెల్లని పొర కనిపించసాగింది. అతిగా కొవ్వు తిన్న కప్పలకు కంటిలో కూడా కొవ్వు పేరుకుంటుంది. ఇంతలో అబ్బాయికి వేరే రాష్ట్రంలో సీటు వచ్చి వెళ్ళిపోయాడు. కప్ప ఉండిపోయింది.

పెంపకం గురించి ఇంగ్లీషులో ఉన్న పుస్తకం చదివి చెప్పమని ఆ అబ్బాయి తల్లి నా దగ్గరికి వచ్చారు. ఒక్కొక్క పుట తెలుగులో చెబుతూ పోయాను. ఆమె ఒక పాత నోటుపుస్తకంలో వ్రాసుకున్నారు. ఎలుకపిల్లల సంగతి వచ్చినప్పుడు "అవి మానేయవచ్చా?" అని అడిగారు. మానవచ్చు, మానాలి కూడా అన్నాను. ఆమె ముఖంలో కొంత తేలిక కనిపించింది. వానపాముల సంగతి వచ్చేసరికి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నిదానంగా, "మా అత్తగారు పోయేముందు మంచంమీద ఉన్నప్పుడు ఆవిడకు కోడిగుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. ఈ చేతులతోనే పెట్టాను. తినేవాళ్ళ ధర్మం తినేవాళ్ళది గాని మనది కాదు గదా, అన్నయ్యగారూ" అన్నారు.

పెరట్లో ఒక కుండలో వానపాములను పెంచారు. వంటింట్లో క్యాలెండరు మీద ఏకాదశి, సంకటహర చతుర్థుల ప్రక్కన పదిరోజులకొక చుక్క పెట్టుకున్నారు. ఆ చుక్క రోజున పట్టకారు కడిగి, ముఖం కొంచెం పక్కకు తిప్పుకుని తిండి పెట్టేవారు. ఆరేడు నెలలకు కప్ప ఒళ్ళు దారికి వచ్చింది. కంటిపొర మాత్రం పోలేదు. ఆ జబ్బు ఒకసారి ముదిరితే వెనక్కు తిరగదు. ఎర కనబడదు గనుక, ముక్కుకు తాకించి మరీ పెడుతున్నారు.

ఒకనాడు ఆమె అడిగారు. "ఏమండీ అన్నయ్యగారూ, దీనికి నేనెవరో తెలుసునంటారా?"

"తెలియదమ్మా. తాకిందల్లా తిండే దానికి" అన్నాను. ఊరడింపుగా అబద్ధం చెప్పాలనిపించలేదు.

ఆమె కొద్దిసేపు ఆలోచించి, "పోనీలెండి. తులసికోటలో మొక్కకు మాత్రం నేనెవరో తెలుసునా?" అన్నారు.

కొత్తగా పెంచేవారిని కంగారుపెట్టే విషయాలు ఇంకా రెండు మూడున్నవి. అప్పుడప్పుడు కప్ప పదేపదే ఆవులిస్తున్నట్లు నోరు తెరుస్తుంది, ఒళ్ళు మెలికలు తిప్పుతుంది. జబ్బు కాదు. పాత చర్మం విడిచి, దానిని తానే మింగుతున్నది. మింగేటప్పుడు కళ్ళు మూసుకుని లోపలికి కుంగినట్లు కనిపిస్తాయి. ఆ కనుగుడ్లే ఎరను గొంతులోకి నెట్టడానికి తోడ్పడతాయి. తొట్టి ఆరిపోతే కప్ప చర్మం పొరకట్టి, రాయిలా కదలకుండా ఉంటుంది. చచ్చిపోయిందని పారవేసే ముందు, గోరువెచ్చని నీటిని లోతు లేని పళ్ళెంలో పోసి అందులో కూర్చోబెట్టి చూడాలి. ఎత్తవలసి వస్తే చేతులు సబ్బులేని నీటితో తడిపి, వెనుకనుంచి పట్టుకోవాలి. మన అరచేతి ఉప్పు, నూనె, సబ్బు అన్నీ దాని చర్మంలోకి ఇంకుతాయి. దించిన తరువాత మాత్రం మన చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. కప్పల ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

కొనే ముందు ఆలోచించవలసినవి కూడా కొన్ని ఉన్నవి. కప్ప తొట్టిలో పుట్టినదా, అడవినుంచి తెచ్చినదా అని అడగాలి. రసీదు తీసుకోవాలి. విదేశీ ప్రాణులను ఉంచుకోవడానికి సంబంధించిన నియమాలు ఇటీవల మారుతూ వచ్చాయి గనుక అటవీశాఖవారిని అడిగి తెలుసుకోవాలి. స్వదేశంలో ఆర్నాటా జాతి కష్టాలలో ఉన్నది. దాని పచ్చిక మైదానాలు సోయా, గోధుమ పొలాలైనవి. భయంతో కనబడినచోటల్లా చంపడం కూడా పూర్తిగా పోలేదు. ఒక దేశంలో భయంతో చంపడం, ఇంకొక దేశంలో ముచ్చటతో మేపి చంపడం - కప్పకు రెండూ ఒకటే.

విసుగు పుట్టిందని దీనిని చెరువుగట్టున విడిచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద అపరాధం. అది పుణ్యకార్యంలా కనిపిస్తుంది గనుక మరీ ప్రమాదం. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు జబ్బు ప్రపంచమంతటా కనీసం 501 ఉభయచర జాతులను తగ్గించివేసిందని, వాటిలో 90 జాతులు అంతరించి ఉంటాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్కతేల్చారు. ఆ జబ్బు ఖండాలు దాటడానికి కప్పల వ్యాపారం ఒక ముఖ్యమైన దారి. తొట్టి కడిగిన నీళ్ళు కూడా కాలువలోకో తోటలోకో పారబోయకూడదు. పరాయి కప్ప ఏమి చేయగలదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మన ప్రధాన భూభాగపు బోదురుకప్ప మనుషుల వెంట అండమాన్ దీవులకు చేరి, అక్కడి స్థానిక ప్రాణులకు శత్రువై కూర్చున్నది. ఇక్కడ అది మన పొలాల నేస్తం. అక్కడ అదే దండయాత్ర.

ఆ నేస్తాన్ని మనం ఎట్లా చూసుకున్నామో కూడా ఒక్కమాట చెప్పుకోవాలి. ఒకప్పుడు మన దేశం టన్నులకొద్దీ కప్పకాళ్ళను విదేశాల భోజనశాలలకు ఎగుమతి చేసింది. 1987లో ఆ ఎగుమతిని నిషేధించేవరకూ పొలంగట్ల మీద రాత్రులు దీపాలతో కప్పల వేట సాగింది. అదే నేలమీద, వానలు పడని ఏడు, రోకలికి వేపమండలతో కప్పను కట్టి, కప్పతల్లి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగితే, ఇల్లాళ్ళు బిందెలతో నీళ్ళు పోసేవారు. ఋగ్వేదం ఏడవ మండలంలో కప్పల మీద ఒక సూక్తమే ఉన్నది. కప్పను చూసి ముచ్చటపడాలన్న కోరిక ఎవరికైనా ఉంటే, గాజుతొట్టి కొనేముందు ఒక తొలకరి రాత్రి టార్చిలైటు పట్టుకుని ఊరిచివర కుంటదాకా నడిచి రమ్మని నా మనవి. అక్కడి కచేరీకి టిక్కెట్టు లేదు. పదిహేనేళ్ళ బాధ్యతా లేదు.

అయినా కొనుక్కున్నవారు ఉంటారు, కొనబోయేవారు ఉంటారు. వారికోసమే ఇంతసేపూ చెప్పినది. అనువాదం వృత్తిగా ఉన్నవాడికి ఒక మాట దగ్గర ఆగిపోయే జబ్బు ఉంటుంది. ఇంగ్లీషులో 'పెట్' అనే మాట నామవాచకమైతే ముద్దుచేసే జంతువు, క్రియ అయితే నిమరడం. ఆ మాటలోనే చేయి ఉన్నది, స్పర్శ ఉన్నది. మన 'పెంపుడు' అట్లాంటిది కాదు. పెంపుడు కొడుకు, పెంపుడు తల్లి, పెంపుడు చిలుక - అన్నిటికీ ఒకటే మాట. అందులో నిమరడం లేదు. ఆకలి చూసి పెట్టడం, చాలు అన్నచోట ఆపడం, ఎండా చలీ చూసుకోవడం, మధ్యలో వదలకపోవడం ఉన్నవి. కొమ్ముకప్ప ఇంగ్లీషువారి 'పెట్' కాలేదు. నిమిరితే దానికి హాని. తెలుగువారి పెంపుడు ప్రాణి మాత్రం కాగలదు.

బదులు చెప్పే ప్రాణిని పెంచడంలో మనకు సుఖం ఉన్నది. బదులు చెప్పని ప్రాణిని పెంచగలిగితే, పెంచడమంటే ఏమిటో తెలుస్తుంది. పదిరోజులకొకసారి, ఒక వానపామంత పని. మిగతా తొమ్మిదిరోజులూ దానిని దాని మట్టిలో, దాని మౌనంలో ఉండనివ్వడం. ఆ తొమ్మిదిరోజులదే అసలు కష్టం.